గర్భిణుల కాలేయ జబ్బు కొన్ని జాతుల్లోనే ఎందుకు ఎక్కువ?

ఏడో నెల దాటాక అరచేతులు, అరికాళ్ళు దురద పెట్టడం మొదలవుతుంది. దద్దుర్లు ఉండవు, పొక్కులు ఉండవు. పగలు ఎలాగో గడిచినా రాత్రి నిద్ర పట్టనివ్వదు. గోకిన గీతలు తప్ప డాక్టరుకు చూపించడానికి చర్మం మీద ఏమీ కనబడదు. మన ఇళ్ళలో దీనికి వచ్చే మొదటి మాట 'వేడి చేసింది'. రెండో మాట 'పొట్ట సాగుతోంది కదా, దురద మామూలే'. చాలామంది విషయంలో ఆ రెండో మాట తప్పు కాదు. గర్భిణుల్లో దురద సర్వసాధారణం, అందులో ఎక్కువ భాగం కాన్పుతో పోయేదే, ఏ హానీ చేయనిదే. కానీ కొద్దిమందిలో ఆ దురద కాలేయం నుంచి వస్తుంది. వైద్యులు దాన్ని ఇంట్రాహెపాటిక్ కొలెస్టాసిస్ ఆఫ్ ప్రెగ్నెన్సీ అంటారు, క్లుప్తంగా ఐసీపీ. బ్రిటన్‌లో ఆబ్‌స్టెట్రిక్ కొలెస్టాసిస్ అన్న పాత పేరు కూడా వాడుకలో ఉంది.

కాలేయం తయారుచేసే పైత్యరసం కణాల్లోంచి సన్నటి నాళాల్లోకి, అక్కడి నుంచి పేగుల్లోకి పోవాలి. గర్భం చివరి నెలల్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు, వాటి నుంచి పుట్టే పదార్థాలు బాగా పెరుగుతాయి. కొందరి కాలేయం ఆ ఒత్తిడికి తట్టుకోలేదు. పైత్యరసం కదలిక మందగించి, అందులోని బైల్ యాసిడ్స్ రక్తంలో పేరుకుంటాయి. తల్లికి దురద, కొద్దిమందికి కామెర్లు. కాన్పయిన కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో అంతా సర్దుకుంటుంది. భయం తల్లి గురించి కంటే కడుపులోని బిడ్డ గురించే ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టడం, ఉమ్మనీటిలో బిడ్డ మలవిసర్జన చేయడం, అరుదుగా కడుపులోనే చనిపోవడం దీనితో ముడిపడి ఉన్నాయి.

ఈ జబ్బు అన్ని జాతుల్లో ఒకే రేటున కనిపించదు. బ్రిటన్‌లో రకరకాల మూలాలున్న గర్భిణులందరినీ కలిపి లెక్కిస్తే దాదాపు 0.7 శాతం మందికి వస్తుందని, భారత, పాకిస్తాన్ మూలాలున్న స్త్రీలలో అది 1.2 నుంచి 1.5 శాతం దాకా ఉంటుందని అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ ఆబ్‌స్టెట్రిషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అంటే అందరినీ కలిపితే సుమారు 140 గర్భాల్లో ఒకటి, మనవాళ్ళలో 70 నుంచి 80 గర్భాల్లో ఒకటి. లండన్‌లోనో లెస్టర్‌లోనో కాన్పుకు సిద్ధమవుతున్న తెలుగు అమ్మాయికి ఇది పట్టించుకోవాల్సిన అంకె.

ఈ అంకెను చదవడంలో రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, 'రెట్టింపు' అన్న మాట విని హడలిపోవడం. ముప్పు రెట్టింపైనా నూటికి 98 మందికి పైగా మన స్త్రీలకు ఈ జబ్బు రాదు. రెండోది అంతకంటే లోతైన పొరపాటు. తేడా జాతుల మధ్య కనిపించింది కాబట్టి కారణం కూడా జాతిలోనే, అంటే రక్తంలోనే, మార్చలేని విధంగా ఉందనుకోవడం. ఈ రెండో నమ్మకం నిలవదని చెప్పడానికి చిలీ దేశం కథ ఒక్కటే చాలు.

1970లలో ఐసీపీ పేరు చెబితే వైద్యులకు గుర్తొచ్చే దేశం చిలీ. అక్కడ హుంబెర్టో రేయెస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1978లో ప్రచురించిన సర్వే ప్రకారం కాన్పయిన స్త్రీలలో 15.6 శాతం మందికి ఈ జబ్బు వచ్చింది. దక్షిణ చిలీలోని అరౌకానియన్ ఆదివాసీ మూలాలు, అంటే నేటి మాపుచే ప్రజల మూలాలు, స్పష్టంగా ఉన్నవాళ్ళలో అది 27.6 శాతం. ప్రపంచంలో మరెక్కడా ఇంత పెద్ద అంకె లేదు. ప్రతి నలుగురు గర్భిణుల్లో ఒకరికి పైగా! ఆ రోజుల్లో స్వీడన్, ఫిన్లాండ్ లాంటి ఉత్తర ఐరోపా దేశాలు కూడా ఈ జబ్బు ఎక్కువున్న చోట్లుగానే లెక్క. అయినా అక్కడి రేట్లు చిలీ దరిదాపుల్లో కూడా లేవు. ఇది మాపుచే జన్యువుల ప్రభావమేనన్న ఆలోచన అప్పట్లో సహజంగానే బలపడింది.

ఆ తర్వాత జరిగింది ఎవరూ ఊహించనిది. 1990ల నాటికి చిలీలో ఈ జబ్బు రేటు 4 నుంచి 6.5 శాతం మధ్యకు దిగిపోయింది. ఇరవై ఏళ్ళలో ఒక దేశపు జన్యువులు మారవు. మారింది మరేదో అయ్యుండాలి. చిలీ పరిశోధకులకు ఒక ఆధారం దొరికింది. ఐసీపీ చలికాలంలో ఎక్కువగా, ఎండాకాలంలో తక్కువగా కనిపించేది. రక్తంలో సెలీనియం అనే ఖనిజం ఆ జబ్బు ఉన్నవాళ్ళలో తక్కువగా ఉండేది, ఎండాకాలంలో దాని మోతాదు పెరిగేది. 2000లో రేయెస్ బృందం మళ్ళీ కొలిచినప్పుడు చిలీ స్త్రీల రక్తంలో సెలీనియం వెనకటి దశాబ్దం కంటే మెరుగ్గా ఉందని తేలింది. ఫిన్లాండ్‌లో కూడా 1987లో ఇలాంటి ఫలితమే వచ్చింది, అక్కడా ఐసీపీ ఉన్న గర్భిణుల్లో సెలీనియం తక్కువే. నేలలో సెలీనియం తక్కువని ఆ దేశం 1980ల మధ్య నుంచి ఎరువుల్లోనే దాన్ని కలుపుతోంది కూడా. ఇంతమాత్రాన సెలీనియం లోపమే కారణమని తేల్చలేం. తిండి మారిన కాలంలోనే ఇంకెన్నో మారాయి. కానీ ఒక విషయం మాత్రం గట్టిగా నిలబడుతుంది. జాతికి అంటగట్టిన అంకెలో పెద్ద భాగం జాతిది కాదు.

ఇదే చిలీ నుంచి వచ్చిన మరో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 1980ల చివర్లో అక్కడ కవలల గర్భాలను, ఒక్క బిడ్డ ఉన్న గర్భాలను పోల్చి చూశారు. ఒక్క బిడ్డ ఉన్నప్పుడు ఐసీపీ 4.7 శాతం, కవలలున్నప్పుడు 20.9 శాతం. అదే దేశం, అదే జనం, అవే మూలాలు. తేడా హార్మోన్ల మోతాదులో ఉంది. జాతుల మధ్య కనిపించే రెట్టింపు తేడాతో పోలిస్తే ఈ నాలుగు రెట్ల తేడా చాలా పెద్దది.

1978 నాటి అంకె విషయంలో గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ 15.6 శాతంలో కామెర్లు కనిపించినవాళ్ళు 2.4 శాతమే. మిగతా 13.2 శాతం దురద మాత్రమే ఉన్నవాళ్ళు. దురదను జబ్బు తేలికపాటి రూపంగా భావించి కలిపారు. ఆ కాలానికి అది తప్పు కాదు, అందరికీ బైల్ యాసిడ్స్ పరీక్ష చేసే రోజులు కావవి. కానీ నేటి బ్రిటన్ అంకె పక్కన దాన్ని పెట్టి పోల్చితే రెండు వేర్వేరు తూనికలతో తూచిన సరుకును పోల్చినట్టే.

తూనికలు ఇప్పటికీ మారుతూనే ఉన్నాయి. రక్తంలో బైల్ యాసిడ్స్ లీటరుకు 10 మైక్రోమోల్స్ దాటితే ఐసీపీ అనడం చాలాకాలం అలవాటు. అయితే భోజనం చేశాక బైల్ యాసిడ్స్ పెరగడం ఎవరికైనా సహజం. పరగడుపున తీసిన రక్తానికి, టిఫిన్ తిన్నాక తీసిన రక్తానికి ఒకే హద్దు పెడితే ఆరోగ్యంగా ఉన్న గర్భిణుల్ని కూడా జబ్బు జాబితాలో చేర్చేస్తాం. అందుకే 2022లో వచ్చిన బ్రిటన్ కొత్త మార్గదర్శకాలు తిన్నాక తీసిన రక్తానికి హద్దును 19కి పెంచాయి. 19 నుంచి 39 దాకా తేలికపాటి, 40 నుంచి 99 దాకా మధ్యస్థం, 100, ఆపైన తీవ్రం. హద్దు జరిగితే రేటూ జరుగుతుంది. ఒక ఆసుపత్రిలో పాత హద్దు, ఇంకో ఆసుపత్రిలో కొత్త హద్దు వాడుతుంటే, ఆ రెండు ఆసుపత్రులకు వచ్చే జనం వేర్వేరు జాతులవాళ్ళయితే, కాగితం మీద జాతి తేడాగా కనిపించేది నిజానికి ల్యాబు తేడా కావచ్చు.

అమెరికాలో ఈ చిక్కు స్పష్టంగా కనబడుతుంది. కనెటికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్ నగరంలో లెక్కిస్తే 0.32 శాతం వచ్చింది. లాటిన్ అమెరికా మూలాల స్త్రీలు ఎక్కువగా ఉన్న లాస్ ఏంజెలిస్ గర్భిణుల్లో 2006లో ప్రచురించిన అధ్యయనం 5.6 శాతం చూపించింది. ఒకే దేశంలో 17 రెట్ల తేడా. ఇందులో మూలాల పాత్ర నిజంగానే ఉంది, చిలీ, బొలీవియా లెక్కలూ అదే చెబుతున్నాయి. దానితోపాటు ఎంత పట్టుదలగా వెతికారన్నదీ లెక్కలోకి వస్తుంది. దురద అన్న ప్రతి ఒక్కరికీ పరీక్ష చేస్తే ఎక్కువ కేసులు దొరుకుతాయి. కామెర్లు కనబడేదాకా ఆగితే తక్కువ దొరుకుతాయి.

లెక్కల్లో ఎవరిని ఏ జాతి కింద రాస్తారన్న గడుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బ్రిటన్‌లో 'ఏషియన్' అంటే ముందుగా భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలవాళ్ళు. అమెరికాలో అదే గడిలో చైనీయులు, ఫిలిప్పినోలు, కొరియన్లు, మనవాళ్ళు అందరూ ఉంటారు. కాబట్టి 'ఏషియన్లలో ఇంత' అని అమెరికా పేపర్లో చదివిన డాలస్ తెలుగు కుటుంబానికి ఆ అంకెలో తమ వాటా ఎంతో తెలియదు. ఇక 'భారతీయ మూలాలు' అన్న గడి కూడా చిన్నదేం కాదు. బ్రిటన్‌కు తొలి తరాల్లో వెళ్ళినవాళ్ళలో పంజాబీలు, గుజరాతీలు ఎక్కువ. తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో వెళ్ళింది ఆ తర్వాతే. ఒక పంజాబీ కుటుంబం, ఒక శ్రీకాకుళం కుటుంబం జన్యుపరంగా, తిండి పరంగా ఒకటే అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

అలాగని జన్యువుల పాత్రను తోసిపుచ్చలేం. ఈ జబ్బులో అది బలమైనదే. కాలేయ కణాల్లోంచి పైత్యరసంలోని భాగాలను బయటికి పంపే, ఆ పనికి తోడ్పడే ప్రొటీన్లు ఉంటాయి. వాటిని తయారుచేయించే జన్యువుల్లో ఏబీసీబీ4, ఏబీసీబీ11, ఏటీపీ8బీ1 ముఖ్యమైనవి. వీటిలో లోపం మామూలు రోజుల్లో బయటపడకపోవచ్చు. గర్భం చివరి నెలల్లో హార్మోన్లు పెరిగినప్పుడు బయటపడుతుంది. 1999లో ఫ్రెంచి పరిశోధకులు ఒక పెద్ద కుటుంబాన్ని పరిశీలించారు. ఆ కుటుంబంలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి ఏబీసీబీ4 లోపపు కాపీలు రెండూ వచ్చిన బిడ్డకు పసితనంలోనే తీవ్రమైన కాలేయ జబ్బు వచ్చింది. ఒకే ఒక్క లోపపు కాపీ ఉన్న స్త్రీలు మామూలుగా ఆరోగ్యంగానే ఉన్నారు, గర్భంలో మాత్రం వాళ్ళకు ఐసీపీ వచ్చింది.

మేనరికాలు, మేనమామ పెళ్ళిళ్ళు ఇంకా ఉన్న మన రాష్ట్రాల్లో ఈ ఉదాహరణ మీద ఆగి ఆలోచించాలి. మేనరికం వల్ల ఐసీపీ రాదు, దానికి లోపం ఒక్క కాపీ చాలు. కానీ ఒకే లోపం ఉన్న ఇద్దరు దగ్గరి బంధువులు పెళ్ళి చేసుకుంటే బిడ్డకు రెండు కాపీలూ వచ్చే అవకాశం పెరుగుతుంది. కాబట్టి ఇంట్లో ఆడవాళ్ళకు కాన్పుల్లో కామెర్లు, విపరీతమైన దురద వచ్చిన చరిత్ర ఉంటే ఆ సమాచారం వాళ్ళ కాన్పుకే కాదు, పుట్టబోయే పిల్లలకూ పనికొస్తుంది.

జన్యు పరిశోధనలోనే పెద్ద లోటు ఒకటుంది. 2022లో పదకొండు వందల మందికి పైగా ఐసీపీ రోగుల జన్యు సమాచారాన్ని జల్లెడపట్టి, ఈ జబ్బుతో ముడిపడిన 11 చోట్లను గుర్తించారు. మంచి పని. కానీ ఆ సమాచారం ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ళది. జబ్బు ఎక్కువగా వచ్చేది దక్షిణాసియా, లాటిన్ అమెరికా స్త్రీలకు, జన్యువులు చదివింది యూరప్ స్త్రీలవి. ఈ తేడా కేవలం శాస్త్రీయ లోపం కాదు, అన్యాయం కూడా. ఎవరికి ఎక్కువ ముప్పో వాళ్ళ గురించే తక్కువ తెలుసుకున్నాం.

జన్యువులకు, జాతికి సంబంధం లేని కారణాలూ జాతి గడిలో దాక్కుంటాయి. హెపటైటిస్ సి ఉన్న స్త్రీలలో ఐసీపీ ఎక్కువగా వస్తుందని చాలా లెక్కలు చూపించాయి. ప్రపంచంలో హెపటైటిస్ సి భారం బాగా ఎక్కువున్న దేశాల్లో పాకిస్తాన్ ఒకటి. బ్రిటన్‌లో పాకిస్తానీ మూలాలవాళ్ళ అంకెలో కొంత వాటా వైరస్‌ది కావచ్చు. విటమిన్ డి మీద కూడా అనుమానం ఉంది. ఐసీపీ ఉన్నవాళ్ళలో అది తక్కువగా ఉందని స్వీడన్ అధ్యయనం ఒకటి చూపించింది. ఎండ తక్కువ దేశాల్లో ఉండే దక్షిణాసియా స్త్రీలలో డి లోపం మామూలే.

ఇంతకీ బిడ్డకు ప్రమాదం దేన్నిబట్టి ఉంటుంది? జాతిని బట్టి కాదు, రిపోర్టులోని అంకెను బట్టి. 2019లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన పెద్ద విశ్లేషణ అనేక దేశాల అధ్యయనాల్లోని తల్లుల వివరాలను ఒకచోట చేర్చింది. ఒక్క బిడ్డ ఉన్న గర్భాల్లో బైల్ యాసిడ్స్ 40 లోపు ఉంటే కడుపులో బిడ్డ చనిపోయే రేటు 0.13 శాతం, 40 నుంచి 99 మధ్య ఉంటే 0.28 శాతం, 100, ఆపైన ఉంటే 3.44 శాతం. అంటే 100 దగ్గర ముప్పు ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే బ్రిటన్ మార్గదర్శకాలు తీవ్రమైన కేసుల్లో 35, 36 వారాలకే కాన్పు గురించి ఆలోచించమంటాయి, మధ్యస్థమైతే 38, 39 వారాలకు, తేలికపాటి అయితే 40 వారాల దాకా ఆగవచ్చంటాయి. బైల్ యాసిడ్స్ 35 ఉన్న రిపోర్టు చేత్తో పట్టుకుని టెన్షన్‌తో రాత్రంతా మేలుకునే తల్లికి ఈ వివరం ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి. అయితే ఈ అంకె పెరుగుతూ పోవచ్చు, కాబట్టి ఒక్క పరీక్షతో సరిపోదు, డాక్టరు చెప్పినప్పుడల్లా మళ్ళీ చేయించుకోవాల్సిందే.

మందు విషయానికొస్తే ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ దశాబ్దాలుగా ఇస్తున్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 605 మంది గర్భిణుల మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. బిడ్డకు కలిగే హానిని అది మొత్తంగా తగ్గించలేదు, దురద మీద ప్రభావం కూడా స్వల్పమే.

ఇక ఆంధ్ర, తెలంగాణల్లో చిక్కు వేరే రకం. బ్రిటన్‌లో మనవాళ్ళ రేటు చెప్పగలిగేది అక్కడ లెక్క ఉంది కాబట్టి. ఇక్కడ గర్భిణికి కామెర్లు అనగానే వైద్యులు ముందు వైరస్‌ల వైపు చూస్తారు, చూడాలి కూడా. కలుషిత నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఇ చివరి నెలల గర్భిణుల ప్రాణాలకే ముప్పు తెచ్చేది. దాని ముందు దురద చిన్న విషయంగా కనిపించడం సహజం. ఎల్ఎఫ్‌టీ అనే కాలేయ పనితీరు రక్తపరీక్ష ఎక్కడైనా చేస్తారు. బైల్ యాసిడ్స్ పరీక్ష మాత్రం చిన్న ఊళ్ళలో దొరకదు, పెద్ద ల్యాబుకు శాంపిల్ పంపాలి, ఖర్చూ ఎక్కువే. చామనఛాయ చర్మం మీద తొలి దశ కామెర్లు అంత తేలిగ్గా కనబడవు, కంటి తెల్లగుడ్డు చూడాలి. అసలు ఈ జబ్బులో ఎక్కువమందికి కామెర్లే రావు.

మన ఆచారం ఒకటి ఇందులో అడ్డుపడుతుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని తీసుకెళతారు. సరిగ్గా ఐసీపీ మొదలయ్యే సమయమది. అప్పటిదాకా చూసిన డాక్టరు మారతారు, ఫైలు చేతులు మారుతుంది, పాత రిపోర్టుల్లో కొన్ని అత్తగారింట్లోనే ఉండిపోతాయి. కొత్త డాక్టరు దగ్గర మొదటిసారి కూర్చున్న అమ్మాయి నొప్పుల గురించి, బిడ్డ కదలికల గురించి చెబుతుంది గానీ దురద గురించి చెప్పడానికి మొహమాటపడుతుంది. చెప్పినా పక్కనున్న పెద్దావిడ 'వేడి' అని తేల్చేస్తుంది. చివరి మూడు నెలల్లో అరికాళ్ళు, అరచేతుల్లో దద్దుర్లు లేని దురద ఉంటే చెప్పి తీరాలి. ఎల్ఎఫ్‌టీ, దొరికితే బైల్ యాసిడ్స్ చేయించుకోవాలి. కదలికలు తగ్గినట్టనిపిస్తే ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

డాక్టరు అడగాల్సిన ప్రశ్నల్లో జాతి కంటే విలువైనది మరొకటుంది. దక్షిణాసియా మూలాలు ముప్పును సుమారు రెట్టింపు చేస్తాయి. కానీ సొంత అక్కకో చెల్లికో ఐసీపీ వచ్చి ఉంటే ముప్పు పది రెట్లకు పైగా పెరుగుతుందని ఫిన్లాండ్ లెక్కలు చూపించాయి. తనకే మొదటి కాన్పులో వచ్చి ఉంటే రెండోసారి తిరిగి వచ్చే అవకాశం సగానికి అటూ ఇటూ మొదలుకొని 90 శాతం దాకా ఉంటుంది. కాబట్టి కేస్ షీటులో రాయాల్సింది 'మీ అమ్మకు, అక్కచెల్లెళ్ళకు కాన్పు సమయంలో కామెర్లు గానీ నిద్ర పట్టని దురద గానీ వచ్చిందా' అన్న ప్రశ్నకు జవాబు. ఇది అడగడానికి ల్యాబు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. పురుటికి వచ్చిన అమ్మాయి పక్కనే తల్లి కూర్చుని ఉంటుంది కాబట్టి, ఆ జవాబు చాలాసార్లు అక్కడికక్కడే దొరుకుతుంది. ఐసీపీ వచ్చిన స్త్రీ కాన్పయిన కొన్ని వారాలకు ఎల్ఎఫ్‌టీ మళ్ళీ చేయించుకుని, అంతా మామూలు స్థితికి వచ్చిందో లేదో చూసుకోవాలి. రాకపోతే వేరే కాలేయ జబ్బు కోసం వెతకాలి. తర్వాత గర్భనిరోధక మాత్రలు వాడాలనుకుంటే ఈ సంగతి ముందే చెప్పాలి, వాటిలోని ఈస్ట్రోజన్ వల్ల కొందరిలో అదే దురద తిరగబెడుతుంది.